నోరు తిరిగిన మాటలు

2024 సెప్టెంబరు మొదటి వారంలో ఆ వార్త చూశాం. చైనా ఇకమీదట తన పిల్లలను విదేశీయులకు దత్తత ఇవ్వదు. మూడు తరాల లోపు రక్తసంబంధీకుల పిల్లలకు, సవతి పిల్లలకు మాత్రమే మినహాయింపు. 1992లో తెరిచిన తలుపు అది. ఆ దారిన ఒక్క అమెరికాకే 82 వేల మందికి పైగా పిల్లలు వచ్చారు. వారిలో మా అమ్మాయి ఒకతె.

పదకొండేళ్ల పిల్ల ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగింది: "అమ్మా, నన్ను తెచ్చుకున్న ప్రయాణం మొత్తం చెప్పు. అన్నీ చెప్పాలి, నేను ఏడ్చినవి కూడా." 2016 మార్చిలో రాసుకున్న నోటుపుస్తకం అటక మీది పెట్టెలోంచి తీశాను. ఇది ముందుగా తన కోసం రాస్తున్నాను.

బయలుదేరే ముందు

అమెరికాలో ఉంటున్న మా ఆయన, నేను, తొమ్మిదేళ్ల మా అబ్బాయి. ఏడాదికి పైగా కాగితాలతోనే గడిచింది. సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి మా పెంపకం, డబ్బు, ఆరోగ్యం, మా ఇద్దరి మధ్య తగవులు, అన్నీ అడిగి నివేదిక రాసింది. వేలిముద్రలు, పోలీసు ధ్రువపత్రాలు, పెళ్లి పత్రం, ప్రతిదానికీ నోటరీ ముద్ర, దాని మీద రాష్ట్రం ముద్ర, దాని మీద చైనా కాన్సులేట్ ముద్ర. తర్వాత ఒక రోజు ఒక ఫైలు వచ్చింది. అమ్మాయి, మూడేళ్లు. పుట్టుకతో పెదవి, అంగిలి చీలి ఉన్నాయి. పెదవికి శస్త్రచికిత్స అయింది, అంగిలికి కాలేదు.

మన భాషలో దీన్ని గ్రహణం మొర్రి అంటారు. కడుపుతో ఉన్న తల్లి గ్రహణం వేళ కదిలిందని, అందుకే బిడ్డ ఇలా పుట్టిందని నేరం ఆమె నెత్తిన వేసే మాట అది. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మా ఇంట్లో ఆ మాట వాడకూడదని ఫైలు చూసిన రోజే అనుకున్నాం.

మొదటి మూడు రోజులు, గురువారం నుంచి శనివారం దాకా

బీజింగ్‌లో దిగాం. చైనా గోడ ఎక్కాం. ఫొటోల్లో ముగ్గురం నవ్వుతున్నాం కాబట్టి బాగానే ఉండి ఉంటుంది. నాకు గుర్తున్నది పెట్టె ఒక్కటే. పాప ఎంత ఉంటుందో తెలియక మూడు కొలతల్లో బట్టలు సర్దాను. రోజూ రాత్రి వాటిని తీసి మళ్లీ మడతపెట్టేదాన్ని. మా అబ్బాయి గోడ మెట్లు లెక్కపెడుతూ చైనా మాటలు వల్లె వేశాడు. గేగె అంటే అన్న. మెయ్‌మెయ్ అంటే చెల్లి. మామా అంటే అమ్మ, బాబా అంటే నాన్న. "మామా అంటే అమ్మా!" అని వాడు పడీపడీ నవ్వాడు.

నాలుగో రోజు, ఆదివారం

బీజింగ్ నుంచి షియాన్‌కు హైస్పీడు రైలు. సుమారు 1,200 కిలోమీటర్లు అయిదున్నర గంటల్లో. పిల్లలున్న సంస్థ ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర రాజధానిలోనే దత్తత నమోదు చేసేవారు. షాన్‌షీ రాష్ట్రానికి షియాన్ రాజధాని. కిటికీలో గోధుమ చేలు పచ్చగా వెళ్లిపోతున్నాయి. మా ఆయన మూడు గంటలపాటు ఒక్క మాట మాట్లాడలేదు. హోటలు గదిలో మేం చేరేసరికే చిన్న మంచం వేసి ఉంది, దుప్పటి మడతపెట్టి. ఆ ఖాళీ మంచం చూడలేక దాని మీద తువ్వాలు కప్పాను.

ఐదో రోజు, సోమవారం

పౌర వ్యవహారాల శాఖ ఆఫీసులో సోఫాలున్న పెద్ద గది. మరో రెండు కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి. పది గంటలకు రావలసినవారు పదిన్నరకు వచ్చారు. ముందు సంస్థ అధికారి, వెనకాల ఒక నలభయ్యేళ్ల ఆడమనిషి, ఆమె చంకలో ఎర్రటి దూది కోటులో మా పాప. కోటు కింద ఇంకో కోటు, దాని కింద ఉన్ని స్వెట్టరు. చేతులు పక్కలకు ఆనడం లేదు, అన్ని బట్టలు వేశారు.

పాప చేతిలో మేం ముందుగా పంపిన ఫొటోల పుస్తకం ఉంది. మూలలు నలిగి మెత్తబడ్డాయి. అంటే రోజూ చూపించారన్నమాట. ఆమె ఏదో అడిగితే పాప నా ఫొటో మీద వేలు పెట్టి "మామా" అంది. ఎదురుగా ఉన్న నన్ను చూడలేదు.

ఆమె పాప చెవిలో చాలాసేపు మాట్లాడింది. తర్వాత నా చేతుల్లో పెట్టి గబగబా తలుపు వైపు నడిచింది. ఒక్క క్షణం గదిలో ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత పాప వేసిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఆయి! ఆయి!"

చైనాలో పిల్లలను చూసుకునే ఆడవాళ్లను ఆయి అంటారు. పిన్ని అన్నట్టు. మనం ఆయా అంటాం. పసిబిడ్డను జోకొట్టేటప్పుడు మనం ఆయి ఆయి అనే అంటాం. నా చేతుల్లో గింజుకుంటున్న బిడ్డ పిలుస్తున్న ఆ మాటకు నాకు ఏ దుభాషీ అక్కర్లేకపోయింది. తెరిచిన తలుపులోంచి వసారా కనిపిస్తోంది. ఆమె గోడకు ముఖం ఆనించి నిలబడి ఉంది. భుజాలు కదులుతున్నాయి.

గదిలో ఎవరో చప్పట్లు కొట్టారు. మంచి మనసుతోనే కొట్టారు. కానీ నేను నా జీవితంలో అన్నిటికన్నా ఎక్కువగా ఎదురుచూసిన గంట, ఆ బిడ్డ మూడేళ్ల జీవితంలో అన్నిటికన్నా చెడ్డ గంట. ఆ సంగతి పుస్తకాల్లో చదివాను, శిక్షణ తరగతుల్లో విన్నాను. చంకలో మోసినప్పుడు తెలిసింది.

హోటల్లో కోటు విప్పనివ్వలేదు. బూట్లు విప్పనివ్వలేదు. గది తలుపు దగ్గర తివాచీ మీద కూర్చుంది, తలుపు ఎప్పుడు తెరుచుకున్నా వెళ్లడానికి సిద్ధంగా. అన్నం, గుడ్డు, అరటిపండు, ఏది పెట్టినా "ము యావ్" అంది. వద్దు అనడానికి చైనా మాట బు యావ్ కదా, ఇది ము యావ్ అంటోందేమిటని అనుకున్నాం. మా అబ్బాయి తనకు మూడు అడుగుల దూరంలో తివాచీ మీదే పడుకున్నాడు, ఏమీ మాట్లాడకుండా. వాడే ముందు నిద్రపోయాడు. వాడిని చూస్తూ చూస్తూ తనూ ఒరిగింది.

అర్ధరాత్రి పక్కన పడుకున్నాను. నిద్రలోనే నా ముఖం వైపు చెయ్యి చాచింది. చెంప తడిమి, చెవి దాకా వచ్చి, ఏదో కాలినట్టు చెయ్యి వెనక్కు తీసుకుని అటు తిరిగి ఏడ్చింది. నన్ను తోసేస్తోందనుకున్నాను.

ఆరో రోజు, మంగళవారం

మొదటి రోజు పాపను అప్పగించేవారు, 24 గంటల తర్వాత నమోదు చేసేవారు. ఈ బిడ్డతో మీకు సమ్మతమేనా అని మరోసారి అడగడానికి ఆ గడువు. పెద్దలనే అడిగేవారు. అప్పటి చట్టం ప్రకారం పదేళ్లు నిండిన పిల్లలను మాత్రమే వాళ్ల సమ్మతి అడగాలి. మూడేళ్ల పిల్ల సమ్మతి ఏమిటో గది తలుపు దగ్గర కూర్చుని రాత్రంతా చెప్పింది, దాన్ని ఏ కాగితం మీదా రాయరు.

అధికారి అడిగింది: బిడ్డను విడిచిపెట్టరు కదా? హింసించరు కదా? చదివిస్తారు కదా? ప్రతిదానికీ ఇద్దరం గట్టిగా మాట ఇచ్చాం. ఎర్ర సిరాతో మా బొటనవేళ్ల ముద్రలు, పక్కనే పాప అరచేతి ముద్ర. సంస్థకు ఇవ్వవలసిన 35,000 యువాన్ల విరాళానికి రసీదు ఇచ్చారు. ఆ డబ్బు మిగిలిన పిల్లలకోసమే అని తెలిసినా, అంకె ఉన్న ఆ కాగితాన్ని పాప పేరున్న కాగితాల మధ్య పెట్టలేకపోయాను. వేరే కవరులో పెట్టాను. ఇప్పటికీ వేరుగానే ఉంది.

ఏడో రోజు, బుధవారం

పాస్‌పోర్టు వచ్చేదాకా షియాన్‌లోనే ఉండాలి. మిగిలిన కుటుంబాలు నగరం గోడ మీద సైకిళ్లు తొక్కడానికి వెళ్లాయి. మేం పెద్ద హంస గోపురానికి వెళ్లాం. మనం బళ్లో చదువుకున్న హ్యూయెన్ త్సాంగ్ మన దేశం నుంచి తీసుకెళ్లిన బౌద్ధ గ్రంథాలను భద్రపరచడానికి 652లో కట్టిన గోపురం అది. ఆయన 645లో తిరిగొచ్చాక మిగిలిన జీవితమంతా వాటిని తన భాషలోకి మార్చడానికే ఖర్చుపెట్టాడు. విగ్రహం ముందు పాపను ఎత్తుకుని నిలబడినప్పుడు, ఒక భాషలోంచి ఇంకో భాషలోకి తీసుకెళ్లేటప్పుడు ఏమేం పోతాయో ఆయనకు తెలిసి ఉంటుందనిపించింది.

బయట ముగ్గురు అవ్వలు మమ్మల్ని చుట్టుముట్టారు. పాప మేజోడుకూ ప్యాంటుకూ మధ్య అంగుళం మేర కాలు కనిపిస్తోందట. ఒకావిడ వంగి తానే ప్యాంటు కిందికి లాగింది. నాకు కోపం రాలేదు. తమ ఊరి బిడ్డను తీసుకుపోతున్న పరాయివాళ్లను ఆ మాత్రం మందలించే హక్కు వాళ్లకుంది.

ఆ సాయంత్రం జరిగినది నోటుపుస్తకంలో పేజీ నిండా రాసుకున్నాను. అప్పటికి పాప మమ్మల్నందరినీ ఏదో ఒకటి అనడం మొదలుపెట్టింది. నన్ను మామా, ఆయనను కూడా మామా. బాబా అనమంటే నోరు అలాగే మూసి తెరిచి, వచ్చేది మాత్రం మామా. గేగె అనమంటే గొంతులోంచి "ఎఎ" అని వచ్చేది. మా అబ్బాయి విసిగి, వేలు తన గుండె మీద పెట్టుకుని తెలుగులో "అన్న" అన్నాడు. పాప వాడి నోటి వైపు చూసింది. "అన్న" అంది. ద్విత్వం సహా, గంట కొట్టినట్టు. వాడు మళ్లీ అన్నాడు, తను మళ్లీ అంది. అలా ఇరవై సార్లయినా అని ఉంటారు. నవ్వినప్పుడు పెదవి మీది కుట్ల గీత పక్కకు సాగి చిన్న సొట్టలా కనిపించింది. పాప నవ్వు చూడటం మాకు అదే మొదటిసారి.

ఎనిమిదో రోజు, గురువారం

సంస్థ ఉన్న ఊరు కారులో రెండు గంటల దూరం. పాపను తీసుకెళ్లాలా వద్దా అని రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. తీసుకెళితే మళ్లీ ఆయి నుంచి విడదీయాలి. ఆ పని రెండోసారి చేసే ధైర్యం నాకు లేదు. పాపను నాన్న దగ్గర, అన్న దగ్గర వదిలి గైడుతో నేనొక్కదాన్నే వెళ్లాను. ఈ నిర్ణయం తప్పనేవాళ్లున్నారు, వీడ్కోలు చెప్పుకునే అవకాశం పిల్లలకు ఉండాలంటారు. నాకు ఇప్పటికీ తేలలేదు.

గైడు ఒక పాత వార్తాపత్రిక ముక్క సంపాదించి పెట్టింది. దొరికిన ప్రతి బిడ్డ గురించీ సంస్థ పత్రికలో ప్రకటన వేయాలి, 60 రోజుల్లో ఎవరూ రాకపోతేనే బిడ్డను దత్తతకు అర్హురాలిగా చూస్తారు. దేశాల మధ్య దత్తతల గురించిన 1993 నాటి హేగ్ ఒప్పందం కూడా ముందు సొంత దేశంలో ఇల్లు వెతకమనే చెబుతుంది. తపాలా బిళ్లంత ఫొటో, కొద్ది రోజుల బిడ్డ, చీలిన పెదవి, మూసిన కళ్లు. పెదవి కుట్టకముందు తన ముఖం ఎలా ఉండేదో చూపించే కాగితం మా దగ్గర అదొక్కటే ఉంది. ఆసుపత్రి గేటు దగ్గర దొరికిందని రాశారు.

ఆసుపత్రి గేటు. వైద్యం దొరికే చోటు చూసి వదిలారు. బిడ్డను వదిలేయడం అక్కడ నేరం, కాబట్టి ఎవరూ పేరు రాసి వెళ్లలేరు. ఒకే బిడ్డ అన్న నియమం ముప్పై అయిదేళ్లు నడిచి, మేం వెళ్లిన ఏడాది జనవరిలోనే ఇద్దరు అని మారింది. శస్త్రచికిత్సకు డబ్బు లేకనో, ఇంట్లో పెద్దల మాట కాదనలేకనో, ఏమో. ఆ తల్లిని తప్పుపట్టే మాట మా ఇంట్లో ఎవరూ అనరు.

ఆయి సంస్థ వరండాలో ఎదురొచ్చింది. అన్నం తింటోందా అని మొదటి ప్రశ్న. నిద్రపోతోందా అని రెండోది. రాత్రి నా ముఖం తడిమి ఏడుస్తోందని చెప్పాను. ఆమె గైడు మాట పూర్తిగా వినకుండానే నవ్వి, నా చెయ్యి పట్టుకుని తన చెవి దగ్గరకు తీసుకెళ్లింది. పాప ఆమె చెవి తమ్మె రెండు వేళ్లతో పట్టుకుంటేగానీ నిద్రపోదట. ఆమె చెవులు బోసిగా ఉన్నాయి. నా చెవులకు కమ్మలున్నాయి. మూడు రాత్రులుగా బిడ్డ వెతుక్కున్న చోట చల్లటి రాయి తగులుతోంది.

కారెక్కక ముందే కమ్మలు తీసి పర్సులో వేశాను. ఆ రాత్రి పాప చెయ్యి నా చెవి దాకా వచ్చింది, ఆగింది, తమ్మెను అటూ ఇటూ నలిపింది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది.

(తర్వాత అయిదేళ్లపాటు చైనాకు మేం నివేదికలు పంపాలి. ప్రతిదానితోనూ ఆయికి ఇమ్మని ఒక ఫొటో అదనంగా పెట్టాం. అవి ఆమెకు చేరాయని నమ్ముతున్నాను.)

తొమ్మిదో రోజు, శుక్రవారం

పాస్‌పోర్టు వచ్చింది. సాయంత్రం గ్వాంగ్‌జౌకు విమానం. అమెరికాకు వెళ్లే దత్తత పిల్లలందరికీ వీసా అక్కడి అమెరికా కాన్సులేట్‌లోనే ఇచ్చేవారు. దక్షిణాది కాబట్టి దిగగానే ఉక్క. అయిదు రోజులుగా రాత్రీ పగలూ వంటి మీదే ఉన్న ఎర్ర కోటును పాప టాక్సీలో తానే విప్పింది, ఎవరూ అడగకుండా. విప్పి మడతపెట్టి నా ఒళ్లో పెట్టింది.

పదో రోజు, శనివారం

వైద్య పరీక్ష. ఎత్తు, బరువు, చూపు, క్షయ ఉందో లేదో తేల్చడానికి చేతి చర్మంలోకి చిన్న సూది. సోమవారం వెళితే దాన్ని చూసి పరవాలేదన్నారు. డాక్టరు టార్చి వేసి నోరు చూసింది. మామా సంగతి అడిగాను. అంగిలిలో చీలిక ఉన్నప్పుడు గాలి ముక్కులోంచి పోతుందని, నోట్లో గాలి నిలిస్తేగానీ పలకని బ, ప, గ, క, ద, ట లాంటివి రావని చెప్పింది. ముక్కుతో పలికే మ, న మాత్రం చక్కగా వస్తాయి. అందుకే బాబా అన్నా మామా అనే వస్తుంది.

హోటలుకు నడుస్తుంటే దారిలో ఆగిపోయాను. అమ్మ. నాన్న. అన్న. మూడింటిలోనూ అచ్చులు, మ, న, అంతే. ఇంకేమీ లేవు. చీలిన అంగిలితో కూడా లోటు లేకుండా పలకగలిగిన మాటలతోనే మన భాష ఇంట్లోవాళ్లకు పేర్లు పెట్టింది. ఆయి కూడా అలాంటి మాటే. అప్పటిదాకా తన భాషను మార్చకూడదని, చైనా మాటలతోనే పిలిపించుకోవాలని పట్టుబట్టింది నేనే. ఆ పట్టుదల మంచిదే. కానీ తన నోరు తిరగని మాటలు పదేపదే అనమని అడిగి, ప్రతిసారీ తప్పు పలికించాను.

గదిలో మా ఆయన నేల మీద కూర్చుని ఉన్నారు. పాపకు ఆయనను చూపించి "నాన్న" అన్నాను. తను ఒక్కసారికే అంది. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

పదకొండో, పన్నెండో రోజులు

గ్వాంగ్‌జౌలోని షామియన్ దీవి. మర్రిచెట్ల కింద బాటలు, కంచు బొమ్మలు, 1983లో తెరిచిన తెల్ల హంస హోటలు. ఒకప్పుడు కాన్సులేట్ దాని పక్కనే ఉండేది కాబట్టి దత్తత కుటుంబాలన్నీ అక్కడే దిగేవి. మేం వెళ్లేసరికి చాలా దుకాణాలు మూతపడ్డాయి. కంచు బొమ్మల్లో ఒకదాని చెవిని పాప పట్టుకు చూసి, చల్లగా ఉందని వదిలేసింది.

పదమూడో రోజు, మంగళవారం

కాన్సులేట్‌లోకి సంచులూ ఫోన్లూ రానివ్వరు. ఇరవై కుటుంబాలు, పిల్లల ఏడుపులు, బిస్కట్ల పొడి. కుడి చేతులు ఎత్తి, కాగితాల్లో రాసినదంతా నిజమని అందరం ఒకేసారి ప్రమాణం చేశాం. మా అబ్బాయి కూడా చెయ్యి ఎత్తాడు. వాడిని చూసి పాపా ఎత్తింది.

పదిహేనో రోజు, గురువారం

వీసాతో పాటు మూసిన పెద్ద కవరు ఇచ్చారు. మేం దాన్ని తెరవకూడదు, అమెరికాలో దిగాక అధికారికే ఇవ్వాలి. పదమూడు గంటల విమానంలో పాప తొమ్మిది గంటలు నా మీదే పడుకుంది. విమానాశ్రయంలో అధికారి కవరు తీసుకుని, ముద్ర వేసి, స్వాగతం అన్నాడు. 2000 నాటి చట్టం వల్ల ఆ ముద్ర పడిన క్షణం నుంచే తను అమెరికా పౌరురాలు. తనకు ఆ సంగతి తెలియదు. గచ్చు మీద చక్రాల పెట్టె ఎక్కి కూర్చుని అన్నను లాగమంటోంది.

ఇంటికి చేరాం. రాత్రి మూడు గంటలకు పాదాల చప్పుడుకు మెలకువ వచ్చింది. పాప చీకట్లో ఒక్కొక్క తలుపే తోసి లోపలికి చూస్తోంది. "ఆయి?" స్నానాల గది. "ఆయి?" అన్న గది. "ఆయి?" బట్టల అలమర. నేను దీపం వేయలేదు, ఆపలేదు, వెనకాలే నడిచాను. మెట్లు దిగడానికి చెయ్యి పట్టుకుంది. కింద వంటిల్లు కూడా చూసింది. చూడని తలుపు ఇంకొకటి మిగల్లేదని తెలిశాక, అక్కడే నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. ఎత్తుకున్నాను. నా భుజం మీద తల పెట్టి, ఏడు రోజులుగా బోసిగా ఉన్న నా చెవి తమ్మెను వెతికి పట్టుకుంది.